క్రిస్టల్స్ నిల్

ఏడేళ్లుగా రెండు మాటలు నా గొంతులో అడ్డంగా ఉన్నాయి. ఒకటి "చూసినాను". రెండోది "లేవు". ఇవి ఎవరైనా రోజుకు వందసార్లు అనే మాటలే. నేను మాత్రం ఈ రెండు మాటలతో ఒక పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చాను. ఆ పిల్ల బతికింది. బతికించినందుకని నాకే శాలువా కప్పారు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నయం. తెలిసిన మొహం ఎదురుగా ఉంటే మళ్లీ ఏదో ఒకటి కలిపి చెప్తాను, నా సంగతి నాకు తెలుసు. తీర్పు చెప్పమని మిమ్మల్ని పిలవడం లేదు. మధ్యలో లేచి వెళ్లిపోకుండా వింటే చాలు.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. ఇప్పుడు ఉదయగిరిలో నాకు సొంత ల్యాబ్ ఉంది. అప్పట్లో ఆత్మకూరు బస్టాండు పక్కన వేరేవాళ్ల ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి. కలువాయి, మర్రిపాడు, సోమశిల వైపు నుంచి జనం మొదటి బస్సులకే దిగేవాళ్లు. తొందరగా రిపోర్టు చేతికొస్తే డాక్టరుకు చూపించుకుని, ఎండ ముదరకముందే ఊరు చేరాలని వాళ్ల ఆత్రం. కిటికీ దగ్గర నిలబడి "ఏందబ్బయ్యా, ఇంకా కాలేదా" అని గంటలో పదిసార్లు అడిగేవాళ్లు.

ఉచ్చ పరీక్షలో రెండు పనులుంటాయి. మొదటిది రంగుల పట్టీని ముంచి తీయడం. చక్కెర ఉన్నా, ఆల్బుమిన్ ఉన్నా రంగు మారుతుంది. నిమిషం పని. రెండోది ఆ ఉచ్చను మిషన్‌లో గిరగిరా తిప్పి, అడుగుకు దిగినదాన్ని గాజు పలక మీద వేసి మైక్రోస్కోపులో చూడటం. చీము కణాలు ఎన్ని, రక్తకణాలు ఉన్నాయా, స్ఫటికాలు ఏమైనా ఉన్నాయా అని. ఈ స్ఫటికాలనే రిపోర్టులో క్రిస్టల్స్ అని రాస్తాం. ఇది ఓపిక పని. పట్టీ బాగుంటే ఈ రెండో పని మేము చేసేవాళ్లం కాదు. మేము అంటున్నానా? నేను. నేను చేసేవాణ్ణి కాదు.

కంప్యూటర్లో రిపోర్టు ముందే నింపి ఉండేది. చీము కణాలు రెండు నుంచి నాలుగు, ఎపిథీలియల్ కణాలు ఒకటి రెండు, క్రిస్టల్స్ నిల్. పేరూ వయసూ మార్చి ప్రింటు కొట్టడమే. నాకు పని నేర్పిన సీనియర్ మొదటిరోజే చెప్పాడు, "అందరికీ ఇదే ఉంటాదిరా, ఊరికే కళ్లు పోగొట్టుకోబాక" అని. నేర్పింది ఆయనే అయినా చేసింది నేను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్లు తెరుచుకునే తాగాను.

హర్షిత మొదటిసారి మా దగ్గరికి వచ్చినప్పుడు ఎనిమిది నెలల పిల్ల. మర్రిపాడు దాటాక బద్వేలు రోడ్డు మీద ఉండే పల్లె వాళ్లది. గొర్రెలు, నాలుగెకరాల మెట్ట. తండ్రి మందతో పాటు మేత కోసం ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు, తల్లి పొలం పనికి పోయేది. పిల్లను ఎత్తుకుని బస్సెక్కేది నాయనమ్మ రవణమ్మవ్వ. పిల్ల సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉండేది. బరువు పెరగదు, కూర్చోదు. రక్తం తక్కువగా ఉందని మా ఎదుటి వీధిలోని పిల్లల డాక్టరు గారు ఐరన్ చుక్కలు రాశారు. లాభం లేదు. రక్తకణాలు మామూలుకంటే పెద్దవిగా ఉన్నాయని మిషన్ చెప్పింది. బి12 తక్కువైతే అట్లా ఉంటుంది. సూదులు వేశారు. దానికీ లాభం లేదు. వచ్చినప్పుడల్లా రక్తంతో పాటు ఉచ్చ పరీక్ష కూడా రాసేవారు. ఆయన ఎక్కడో ఏదో వెతుకుతున్నారు పాపం. నేను మాత్రం ఆయనకు ముందే నింపిన కాగితం పంపిస్తున్నాను.

ఆ పిల్లకు అట్లా ఏడు రిపోర్టులు ఇచ్చాను. తర్వాతెప్పుడో పాత ఫైళ్లు తెరిచి లెక్కపెట్టుకున్నాను. ఏడింటిలోనూ అవే అంకెలు. ఒక్కదానిలో మూడని వేసినా కాస్త నమ్మేట్టుండేది. ఆ మాత్రం కష్టం కూడా పడలేదు నేను.

ఏడోసారి వచ్చినప్పుడు అవ్వ ఉచ్చ సీసాతో పాటు కొంగు ముడి విప్పి ఒక పాత గుడ్డ బయటికి తీసింది. పిల్ల కింద వేసే గుడ్డ. ఆరిన చోట తెల్లగా గరుకుగా ఉంది. నా వేళ్లు పట్టుకుని దానిమీద రుద్దించింది.

"చూడబ్బయ్యా. ఇసక మాదిరి లే? పొట్టేలుకి ఉచ్చ బిగిసే ముందర బొచ్చుకి ఇట్టాంటి సుద్దే పట్టుకుంటాది. రెండు రోజులు చూసీచూడకుండా వదిలేస్తే పొట్టేలు పోతాది. నా బిడ్డకి కూడా అదే ఉండాదేమో."

నేను నవ్వాను. "గొర్రెలకొచ్చేది మనుషులకొస్తాదా అవ్వా? అది సబ్బు సరిగ్గా పోకపోతే అట్టా ఉంటాది."

"నేను సబ్బు పెట్టను నాయనా, చవుడుతో ఉతుకుతా. ఇన్నిసార్లూ నువ్వు ఆ అద్దంలో చూసినావా? నిజంగా చూసినావా?"

"చూసినానవ్వా. ఏం లేవు."

ఆమె నా మొహంలోకి చూసింది. అనుమానంతో కాదు, నమ్మకంతో. తెల్లచొక్కా వేసుకున్న చదువుకున్న పిల్లోడు చూశానంటే చూసే ఉంటాడని. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆమె చేతిలోని సీసా బల్ల మీద పెట్టి, "అయినా ఇంకోసారి చూడు నాయనా, ఈడే పెట్టి పోతాండా" అని వెళ్లిపోయింది. నేను రిపోర్టు అప్పటికే ప్రింటు కొట్టేసి ఉన్నాను. సీసాను కిటికీ గట్టు మీదికి నెట్టాను.

మర్నాడు పొద్దున్నే కరెంటు పోయింది. మిషన్లు ఆగిపోయాయి. జనం తిట్టుకుంటూ బయట చెట్టు కింద కూర్చున్నారు. చేతిలో పని లేదు. పారబోద్దామని ఆ సీసా ఎత్తితే అడుగున తెల్లగా పేరుకుని ఉంది. రాత్రంతా కదలకుండా ఉన్నందుకు దానంతటదే దిగింది. మా దగ్గర ఒక పాత మైక్రోస్కోపు ఉండేది, కింద అద్దం పెట్టి ఎండ పట్టుకునేది. దానికి కరెంటు అక్కర్లేదు. పని లేక చూశాను. గుర్తుపెట్టుకోండి, మనసొప్పక కాదు, పని లేక.

సూదులు. ఎటు తిప్పినా సూదులే. రంగులేని సన్నటి సూదులు ఒకదాని మీద ఒకటి, గడ్డివాము కూలినట్టు. అవ్వ వేళ్లకు తెలిసింది నా చదువుకు తెలియలేదు. ఇవి నిన్న పుట్టినవా? ఏడుసార్లలో ఎన్నిసార్లు నా బల్ల మీదికి వచ్చి, నేను తలెత్తి చూడక, బేసిన్లో కలిసిపోయాయి?

కరెంటు పోయినందుకు దేవుడికి దండం పెట్టుకున్న మనిషి ఈ జిల్లాలో నేనొక్కణ్ణేనేమో. ఆ రోజు కరెంటు ఉండి ఉంటే ఆ సీసా కూడా బేసిన్లోకి పోయేది. అందుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. కానీ అక్కడితో ఆగి ఉంటే మీకు ఇదంతా చెప్పే అవసరం ఉండేది కాదు.

ముందురోజు రిపోర్టును సూదులున్నాయని మార్చి రాసుకుని, పరుగెత్తుకుంటూ డాక్టరు గారి దగ్గరికి పోయాను. ఆయన ఆ కాగితం చూసి కళ్లజోడు సవరించుకున్నారు. ఆ నెలలోనే పిల్లకు జ్వరమొస్తే ఒక సల్ఫా మందు వాడారు. ఆ మందుకు కూడా ఇట్లాంటి సూదులు పడతాయి. ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఇంతకుముందు రిపోర్టుల్లో ఇవి లేవు కదయ్యా?"

ఒక్క క్షణం. ఆ క్షణంలో నేను నిజం చెప్పి ఉండొచ్చు. నేను చూడలేదు సార్, అన్నీ ఊరికే రాసినవే సార్ అని. ఉద్యోగం పోయేది. పోతే పోయేది, నెల్లూరులో ఇంకోటి దొరికేది. అంతకంటే ఏం పోయేది నాకు? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను ఈ ప్రశ్న.

"లేవు సార్," అన్నాను.

"అయితే మందు వల్లే. ఆపేద్దాం. నీళ్లు బాగా తాగించమను, రెండు నెలల తర్వాత మళ్లీ చూద్దాం." ఆయన చేసినదాంట్లో తప్పేమీ లేదు. అంతకుముందు లేనివి మందు వాడాక వచ్చాయంటే ఎవరైనా అదే అనుకుంటారు.

ఆ రెండు నెలలు నిండకముందే సూదులు అడ్డుపడి పిల్లకు ఉచ్చ రాకుండా బిగిసింది. అవ్వ చెప్పిన పొట్టేలు మాదిరే. జ్వరం, పొట్ట ఉబ్బడం, ఏడవడానికి కూడా ఓపిక లేకపోవడం. మర్రిపాడు రోడ్డు మీద దొరికిన లారీలో ఆత్మకూరు తెచ్చి, అక్కడినుంచి నెల్లూరు, నెల్లూరు నుంచి ఇంకా పెద్ద ఊరి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ వారం నేను అన్నం తిన్నానో లేదో గుర్తులేదు. అద్దంలో మొహం చూసుకోలేదన్నది మాత్రం గుర్తుంది.

అక్కడి డాక్టర్లు నా కాగితం చూశారు. సూదుల్లాంటి స్ఫటికాలు, బి12కి లొంగని రక్తహీనత. ఈ రెండూ కలిపి చూసి ఉచ్చను ఎక్కడికో పరీక్షకు పంపారు. జబ్బు పేరు తేలింది. ఓరోటిక్ యాసిడూరియా. ఎంతో అరుదుగా వచ్చేది. తర్వాత దాని గురించి దొరికిందల్లా చదివాను. చదివింది మీకు నా మాటల్లో చెప్తాను.

ఒంట్లో కొత్త కణం పుట్టాలంటే దానికి పిరిమిడిన్లు అనే పదార్థాలు కావాలి. వాటిని మన ఒళ్లే మెట్టు మెట్టుగా తయారుచేసుకుంటుంది, ఒక్కో మెట్టుకూ ఒక్కో ఎంజైమ్ కాపలా. అందులో ఒక మెట్టు ఓరోటిక్ యాసిడ్. దాన్ని పై మెట్టుకు చేర్చే ఎంజైమ్ పేరు యూఎంపీ సింథేజ్. హర్షితలో అది సరిగా పనిచేయదు. మా డాక్టరు గారు అవ్వకు చెప్పిన పద్ధతి ఇంకా బాగుంది. "సోమశిల కాలవకి తూము బిగుసుకుపోయిందనుకో. తూముకి పైన నీళ్లు పొర్లిపోతాయి, కింద పైరు ఎండిపోతాది. పొర్లిపోయేదే నువ్వు చూసిన సుద్ద. ఎండిపోయేది బిడ్డ రక్తం." తూమును బాగుచేసే మందు లేదు. అందుకని కింద పైరుకు బిందెలతో నీళ్లు మోసినట్టు, తూము దాటాక తయారవ్వాల్సిన యూరిడిన్‌నే పొడిగా నోటికివ్వడం. కింద తడి చేరితే పైన వదలడం కూడా తగ్గుతుంది. జీవితాంతం తినాలి.

పొడి మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే పిల్ల పెదాలకు రంగొచ్చింది. కూర్చుంది, నిలబడింది. ఆ రంగు చూసినరోజు నేను ల్యాబ్ వెనక్కి వెళ్లి చిన్నపిల్లోడిలా ఏడ్చాను. సంతోషమా, భయం తీరడమా, సిగ్గా? అన్నీ కలిసే ఉంటాయి. ఆ పొడి కనిపెట్టిన ఎవరెవరికో, నేనెన్నడూ చూడబోని వాళ్లకు, మనసులోనే దండాలు పెట్టాను. ఎడమ కిడ్నీ మాత్రం పూర్తిగా కోలుకోలేదు. ఆ బిగిసిన రోజుల్లో దెబ్బతిన్నది దెబ్బతిన్నట్టే ఉంది. అది నా రెండో మాట ఖరీదు.

ఇక శాలువా సంగతి. చిన్న ఊరి ల్యాబ్‌లో ఇంత అరుదైన జబ్బును పట్టుకున్నాడని ఆత్మకూరులో సన్మానం పెట్టారు. అవ్వ కూడా వచ్చింది. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ దాగి ఉన్న లోపం కలిస్తేనే ఈ జబ్బు వస్తుందని అప్పటికి ఆమెకు తెలుసు. హర్షిత తల్లి అవ్వ తమ్ముడి కూతురే. అంతమందిలో లేచి నిలబడి, "మేనరికం చేసింది నేనే, తప్పు నాదే, ఈ అబ్బయ్య లేకుంటే నా బిడ్డ దక్కేది కాదు" అంది. తర్వాత డాక్టరు గారు మైకు తీసుకున్నారు. "ఇతను రిపోర్టు చేతిలో పెట్టినా మందు వల్లేననుకుని రెండు నెలలు పోగొట్టింది నేను. ఆ పాపం నాది." ఆయన పెద్ద మనసుకు అందరూ చప్పట్లు కొట్టారు.

చూశారా? తప్పు చేయని ఇద్దరు లేచి మాదే తప్పన్నారు. చేసినవాడు శాలువా కప్పుకుని చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడైనా నాకంటే నయం.

ఆ పేరు మీదే ఉదయగిరిలో సొంత ల్యాబ్ పెట్టాను. ఆ ఫోటోనే గోడకు తగిలించాను. అవ్వ కూతురు ఉదయగిరిలోనే ఉంటుంది. హర్షిత ఆమె దగ్గరుండి బడికి పోతోంది, ఇప్పుడు మూడో తరగతి. మూడు నెలలకోసారి అవ్వ పల్లె నుంచి వచ్చి పిల్లను పరీక్షకు నా దగ్గరికే తెస్తుంది. గేదె ఈనితే జున్నుపాలు తెస్తుంది. పొడిని పెరుగులో కలుపుకోవడానికి ఉదయగిరిలో చెక్కే కొయ్య చెంచా ఒకటి నేనిచ్చాను, హర్షిత దానితో తప్ప తిననంటుందట. నన్ను మామా అంటుంది. ఆ పిలుపుకు నేను తగనని తెలిసీ, పిలిచిన ప్రతిసారీ లోపల్లోపల ఎవరికో కృతజ్ఞత చెప్పుకుంటాను. ఈ ఏడేళ్లలో ఎవరి ఉచ్చ వచ్చినా నేను చూడకుండా రాయలేదు. ముందే నింపిన ఫారం నా కంప్యూటర్లో లేదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నానంతే.

పోయినసారి వచ్చినప్పుడు హర్షిత మైక్రోస్కోపులో తన రక్తం చూస్తానని స్టూలెక్కింది. చూస్తూ చూస్తూ తల తిప్పి అడిగింది. "మామా, ఆ సూదులు నీకు కనపడకముందు యాడ ఉండినాయి?"

పిల్ల ప్రశ్న. అందులో కోపం లేదు, ఆరా లేదు. తెలుసుకోవాలని అడిగింది. గుర్తులేదమ్మా అన్నాను. మూడో అబద్ధం.

ఆ సాయంత్రమే డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన ఇప్పుడు నెల్లూరులో కొడుకు దగ్గరున్నారు. అంతా చెప్పాను. "ఏడేళ్లు నేను మోసినానయ్యా దాన్ని" అన్నారు. తర్వాత, "ఆ పిల్ల అవ్వకు చెప్పినావా?" లేదన్నాను. ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అయినా ఆ బరువు ఆయన మీద నుంచి దింపగలిగాను, అంతవరకు మేలే.

మొన్న అవ్వ హర్షితను తీసుకుని వచ్చింది. గోడమీద ఫోటో లేదు, ముందురోజే తీసేశాను. ఆమె అది గమనించి, "ఏందబ్బయ్యా, పటం ఏమైంది?" అంది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే వింది. నాలుగే మాటలు చెప్పాను. చూడకుండా రాసినాను. చూసినానని నీతో అబద్ధం చెప్పినాను. ముందు లేవని డాక్టరుతో అబద్ధం చెప్పినాను. బిడ్డ కిడ్నీ దానివల్లే దెబ్బతినింది. మీకు ఇంతసేపూ చెప్పింది ఆ నాలుగు మాటల వెనకున్నదే.

"ఏడుసార్లా?" అంది.

"ఏడుసార్లు."

"నేను గుడ్డ తెచ్చి చూపించిన రోజు కూడానా?"

"ఆ రోజు కూడా అవ్వా."

తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను, కొడితే బాగుండునని. లేదంటే పోనీలే నాయనా అంటుందేమోనని లోపల ఒక పాపిష్టి ఆశ ఉంది, అది కూడా ఒప్పుకుంటున్నాను. అవ్వ రెండూ చేయలేదు. హర్షిత చేతిలోని సీసా తీసుకుని నా ముందు బల్ల మీద పెట్టింది.

"చూడు. నేనీడే నిలబడుంటా."

తిప్పాను. పలక మీద వేశాను. కన్ను పెట్టాను. ఫోకస్ కుదరడానికి ఆలస్యమైంది. చూసింది చూసినట్టు పైకి చెప్పాను. చీము కణాలు మూడు. రక్తకణాలు లేవు. పలకనంతా ఒక కొస నుంచి ఇంకో కొసకు జరిపాను. ఒక్క సూది కూడా లేదు.

"లేవు అవ్వా."

"ఇంకోసారి చూడు."

ఇంకోసారి చూశాను. "లేవు."

అవ్వ సీసా మూత బిగించి, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వచ్చిన ప్రతిసారీ అనే "వస్తా నాయనా" అనలేదు. హర్షిత మాత్రం గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ఇంకో మూడు నెలలకు వాళ్లు నా దగ్గరికే వస్తారో, వేరే ల్యాబ్ చూసుకుంటారో తెలియదు. వేరే చోటికి పోయినా, అక్కడ ఎవరో ఒకరు కన్ను పెట్టి చూస్తే చాలు.

ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి అన్నం పెట్టించుకున్నాను. ఎన్నాళ్లకో గొంతు దిగింది.